నోరా డూలన్ ఏ శ్మశానంలోనూ లేదు

నేనడిగింది టాస్మేనియా. మా ఆయన చూపించింది శ్మశానాలు. ఈ సంగతి ముందే చెప్పేస్తే, సముద్రపు ఒడ్డులూ కంగారూలూ వర్ణిస్తానేమో అనుకుని చదివేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. కంగారూలు కనిపించాయి, కాదనను. అన్నీ రోడ్డు పక్కన చచ్చి పడి ఉన్నవే.

మా ఆయన ప్రకాశ్ వంతెనల ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. రిటైరయిన మగవాళ్ళు వాకింగుకి వెళ్తారు, పెరట్లో టమాటాలు వేస్తారు, కూరలో ఉప్పెక్కువైందంటారు. ఈయన ఆ మూడోది మానకుండానే ఐర్లండువాళ్ళ వంశవృక్షాలు కట్టడం మొదలుపెట్టారు. మా వంశం అనుకునేరు. మా వంశం సంగతి అడిగితే తాతగారి దగ్గరే నీళ్ళు నములుతారు. ఇది మా పక్కింటి బెరిల్ వంశం.

బెరిల్‌కి ఎనభై ఆరేళ్ళు. సిడ్నీలో మేముండే స్కోఫీల్డ్స్‌లో ఈ కొత్త ఇళ్ళ వరసలు లేవక ముందు, అక్కడ గుర్రాలు మేసే రోజుల నుంచీ ఉన్న మనిషి. మేం కొత్తగా దిగినప్పుడు బుట్టెడు నిమ్మకాయలు తెచ్చి గుమ్మంలో పెట్టి, బెల్లు కొట్టకుండా వెళ్ళిపోయింది. వచ్చే నెలలో ఇల్లమ్మేసి పెర్త్‌లో కొడుకు దగ్గరికి వెళ్ళిపోతోంది. వెళ్తే మళ్ళీ ఈ వైపు రావడం ఉండదని ఆవిడకీ తెలుసు, మాకూ తెలుసు. వెళ్ళేలోగా ఆవిడకి ఒకే ఒక్క సంగతి తేలాలి.

ఆ సంగతేమిటంటే, బెరిల్ వాళ్ళమ్మ పేరు కిట్టీ. కిట్టీ వాళ్ళమ్మ నోరా. నూరేళ్ళు దాటిన మాట. నోరా ఐర్లండులో క్లేర్ అనే జిల్లా నుంచి మొగుడు టామ్ డూలన్‌తో ఓడెక్కి వచ్చి, విక్టోరియాలో బెండిగో అవతల ఒక గనుల ఊరికి దూరంగా గుడిసె వేసుకుని కాపురం పెట్టింది. టామ్ రైలు పట్టాల కింద వేసే దుంగలు కొట్టడానికి అడవికి పోతే వారాల తరబడి వచ్చేవాడు కాదు. ఒక చలికాలం పొద్దున్న నోరా ఆరేళ్ళ కిట్టీతో, "పొయ్యి ఆరనివ్వకు, నేనొచ్చేస్తాను" అని చెప్పి, టపా బండెక్కి ఊళ్ళోకి వెళ్ళింది. మళ్ళీ రాలేదు. కిట్టీ ఉన్న కట్టెలన్నీ పొయ్యిలో వేసింది. అవి అయిపోతే కుర్చీ విరగ్గొట్టి అదీ వేసింది. ఎప్పటికో పొరుగావిడ వచ్చి చూసి పిల్లని తీసుకెళ్ళింది. టామ్ వచ్చి ఊరంతా వెతికాడు. ఆసుపత్రిలోనూ, పోలీసు స్టేషన్లోనూ అడిగాడు. మిసెస్ డూలన్ అనే మనిషి ఎవరూ రాలేదన్నారు. లేచిపోయిందని ఊరు తేల్చేసింది. కిట్టీ అనాథాశ్రమంలో పెరిగింది. ఎనభై దాటి కన్నుమూసేదాకా, అమ్మ తనని వదిలేసి పోయిందనే నమ్మింది. ఇంట్లో చలిమంట పొయ్యి పెట్టనిచ్చేది కాదట.

బెరిల్ ఆ నోరాని అమ్మమ్మ అనదు. "ఆ మనిషి" అంటుంది.

"ఆ మనిషి చచ్చిపోయిందో, ఇంకెక్కడైనా ఇంకో సంసారం పెట్టుకుందో నాకు తెలియాలి లక్ష్మీ. తెలిస్తే కడుపారా తిట్టుకునైనా పోతాను" అంది ఒకరోజు మా వంటింట్లో కూర్చుని. బెరిల్ మాట్లాడేది ఇంగ్లీషే. నాకు వినబడ్డట్టు తెలుగులో రాస్తున్నాను.

మా ఆయన రెండేళ్ళుగా దీనిమీదే ఉన్నారు. బల్లమీద రెండు కంప్యూటర్ తెరలు, గోడనిండా కాగితాలు. చివరికి నా సెలవులు, నా టాస్మేనియా, అన్నీ తీసుకెళ్ళి నోరా డూలన్ చేతిలో పోశారు. బెరిల్‌ని వెనకసీట్లో కూర్చోబెట్టి బయల్దేరాం. ఆవిడ ఒళ్ళో పెరట్లోని జెరేనియం పూల కట్ట, తడి న్యూస్‌పేపర్లో చుట్టి ఉంది.

గోల్‌బర్న్

కారు ఊరు దాటిందో లేదో పాఠం మొదలైంది. ఐర్లండులో పాత జనాభా లెక్కలు చాలావరకు తగలబడిపోయాయట. మిగిలిన వాటిలో మనుషుల వయసులు నమ్మడానికి లేదట. ముసలివాళ్ళకి సర్కారు పింఛను వస్తుందని తెలియగానే, ఒక లెక్కకీ పదేళ్ళ తర్వాతి లెక్కకీ మధ్య ఊళ్ళకి ఊళ్ళు పదిహేనేళ్ళు పెరిగాయట. దీనికి ఆయన తెగ ఆశ్చర్యపోతున్నారు. మనకేం ఆశ్చర్యం? మా పెదనాన్న రేషను కార్డు, ఓటరు కార్డు, స్కూలు సర్టిఫికెట్ల ప్రకారం ముగ్గురు వేరు వేరు మనుషులు.

"అక్కడ చర్చి పుస్తకాల్లో ఇంకో విశేషం ఉంది వరం" అన్నారు. నా పూర్తి పేరు వరలక్ష్మి. ఆయనకి వరం, బెరిల్‌కి లక్ష్మి. "ఇంగ్లండు చర్చిల్లో తల్లి పేరు మొగుడి ఇంటిపేరుతో రాసేస్తారు. ఐర్లండు కాథలిక్కులు అలా కాదు. తల్లికి పుట్టింటి పేరే రాస్తారు. అందువల్లే నోరా పుట్టింటివాళ్ళు కీన్‌లని తేలింది. అక్కణ్ణించి వాళ్ళ తాత దాకా వెళ్ళిపోయాను."

"వెళ్ళినవాళ్ళు అక్కడే ఉండిపోవాల్సింది" అన్నాను. బెరిల్‌కి తెలుగు రాకపోయినా వెనక నుంచి పకపకా నవ్వింది.

గోల్‌బర్న్‌లో ఆగడానికి కారణం, అక్కడి శ్మశానం జాబితాలో ఎన్. డూలన్ అని ఒక పేరుంది. నోరా బెండిగో నుంచి సిడ్నీ దారి పట్టి ఉంటుందని ఈయన సిద్ధాంతం. ఈగలు ముక్కులోకి దూరుతుంటే ఒక్కో రాయీ చదువుకుంటూ తిరిగాం. దొరికింది. నాచు పట్టిన రాయి, మొదటి అక్షరం, ఇంటిపేరు. బెరిల్ ఎర్రపూలు కొన్ని తీసి అక్కడ పెట్టి, కళ్ళద్దాలు తుడుచుకుంది. నేనూ చెప్పులు విడిచి దణ్ణం పెట్టాను. మా ఆయన వంగి, కిందనున్న నాచు తాళంచెవితో గీకారు. ఎన్ అంటే నార్మన్. ఇద్దరు పెళ్ళాల ముద్దుల మొగుడని రాసి ఉంది. నేను పూలు తియ్యబోయాను.

"పూలు ఉంచెయ్యమ్మా, పాపం ఆయనకెవరు తెచ్చారు?" అంది బెరిల్.

మన పద్ధతి తెలుసుగా. శ్మశానానికి వెళ్ళొచ్చాక తలమీద నీళ్ళు పడందే నేను దేన్నీ ముట్టుకోలేను. రాత్రి బస ఇంకా చాలా దూరం. పెట్రోలు బంకులో లారీ డ్రైవర్ల కోసం స్నానాల గది ఉంటుంది, కౌంటర్లో తాళం అడిగి తీసుకోవాలి. అడిగాను. ఆ కుర్రాడు నన్నూ, నా బొట్టునీ, నా చేతిసంచీనీ చూసి, "ట్రక్కెక్కడ పెట్టారు?" అన్నాడు. టవలుకి అయిదు డాలర్లు. గోడమీద ఎవడో టైర్ల కొలతలు రాసుకున్నాడు. తల తుడుచుకుంటూ వచ్చేసరికి ఈయనా బెరిల్ మీట్ పై అని, లోపల మాంసం కూరిన బిళ్ళ తింటున్నారు. అది మన కజ్జికాయ అంత ఉంటుంది, ధర చూస్తే భోజనం అంత ఉంది. పైగా సాస్ పొట్లానికి వేరే డబ్బులు! మన ఊళ్ళో పచ్చిమిరపకాయ బజ్జీకి చట్నీ డబ్బులడిగితే కొట్టు తిరగబడుతుంది.

"ఎందుకు తల తడుపుకున్నావు?" అని బెరిల్ అడిగింది. చెప్పాను. మాకు చావింటికి వెళ్ళినా, శ్మశానానికి వెళ్ళినా స్నానం. మనవాళ్ళు ఎక్కడో దూరాన పోతే, కబురు తెలిసినప్పుడు స్నానం.

"కబురు ఆలస్యంగా వస్తే?"

"ఎప్పుడు తెలిస్తే అప్పుడే. మా చిన్నత్త బొంబాయిలో పోతే మాకు నెల తర్వాత తెలిసింది. మా అమ్మ చేస్తున్న వంట అక్కడ వదిలేసి నూతి దగ్గరికి వెళ్ళిపోయింది."

బెరిల్ తినడం ఆపింది. తర్వాత సాస్ పొట్లం నాకివ్వబోయింది.

ఆల్బరీ

సాయంత్రానికి ఆల్బరీ చేరాం. మమ్మల్ని మోటెల్ ముందు దింపి, "పెట్రోలు పోయించుకొస్తాను, మీరు తాళాలు తీసుకోండి" అని మా ఆయన వెళ్ళారు. లోపల చూయింగ్ గమ్ నములుతున్న అమ్మాయి నా కార్డు చూసి, ఆ పేరుమీద గది లేదంది.

నా పేరు కొప్పిశెట్టి వరలక్ష్మి. కొప్పిశెట్టి మా నాన్నగారి ఇంటిపేరు. పదో తరగతి సర్టిఫికెట్‌లో అది, డిగ్రీలో అది, దాన్ని చూసి ఇచ్చిన పాస్‌పోర్టులో అది, ఆ పాస్‌పోర్టు పుణ్యమా అని డ్రైవింగ్ లైసెన్సులోనూ బ్యాంకు కార్డులోనూ అదే. మా ఆయన ముత్యాలవారు. మనలో సగంమంది ఆడవాళ్ళ కాగితాలు ఇలాగే ఉంటాయి, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఇక్కడ మాత్రం ప్రతి కౌంటర్ దగ్గరా నా కాపురం నేను రుజువు చేసుకోవాలి.

"బుకింగ్ మా ఆయన పేరు మీదుంది. ముత్యాల."

"ఓ, అయితే మీరు మిసెస్ ముత్యాల."

"కాదు."

"ఆయన మీ హస్బెండ్ కాదా?"

"ఎందుకు కాదు తల్లీ, ముప్ఫయ్యారేళ్ళయింది!"

"నో వర్రీస్" అంది, తాళం మాత్రం ఇవ్వలేదు. ఈ దేశంలో నో వర్రీస్ అన్నారంటే పని జరగదని అర్థం. ఆయనకి ఫోను చేస్తే ఎత్తరు. బయట సిమెంటు మెట్టుమీద నేనూ బెరిల్ చలిలో కూర్చున్నాం. వీధి దీపాలు వెలిగాయి. చివరికి ఆయన వచ్చారు, మొహం వెలిగిపోతూ. పెట్రోలు బంకు వెనక ఇంకో శ్మశానం కనిపించిందట, ఒకసారి తొంగి చూసొచ్చారట. నేనన్న మాటలు అచ్చులో రాయను.

వెర్రిబీ

మర్నాడు దారిలో ఇంకో ఊళ్ళో ఇంకో నోరా డూలన్ దొరికింది. నాలుగేళ్ళ పసిపిల్ల. అక్కడా కొన్ని పూలు పెట్టి కారెక్కాం.

మెల్‌బోర్న్ దగ్గర వెర్రిబీలో సునీత వాళ్ళింట్లో బస. సునీత మా ఆయన దగ్గర పనిచేసిన కుర్రాడి భార్య, గుంటూరమ్మాయి. తలుపు తియ్యగానే వాటేసుకోబోయింది. "ఆగమ్మా, దారిలో శ్మశానానికి వెళ్ళొచ్చాం" అన్నాను. ఒక్క ప్రశ్న వెయ్యలేదు. రెండడుగులు వెనక్కి వేసి, "ఆంటీ, గరాజ్ సైడ్ నుంచి రండి, లాండ్రీ పక్కన షవర్ ఉంది, టవల్స్ అక్కడే పెడతా" అంది. ఈ ప్రయాణం మొత్తంలో నన్ను అర్థం చేసుకున్న ఏకైక మనిషి.

గోంగూర పచ్చడి, ముద్దపప్పు, కారం పెట్టిన వంకాయ కూర. బెరిల్ గోంగూర ఒకసారి నాకి చూసి, మూడుసార్లు మారు వడ్డించుకుంది. సునీత కూతురు సాహితి ఇక్కడే పుట్టిన పిల్ల, యూనివర్సిటీలో చదువుతోంది. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. కథంతా విని, "వెయిట్, అంకుల్ టూ ఇయర్స్ దీనిమీదున్నారా? దట్స్ లైక్ ఎ పీహెచ్‌డీ!" అంది. ఆయన పొంగిపోయారు.

"మీ ఫ్యామిలీ ట్రీ కూడా చేశారా అంకుల్?"

ఆయన పప్పు కలుపుకోవడంలో మునిగిపోయారు. నేనందుకున్నాను. "ఆయన్నేం అడుగుతావు, నన్నడుగు. మా అమ్మ సలాదివారి ఆడపిల్ల. మా అమ్మమ్మ దాసరివారి ఆడపిల్ల. ఆవిడ తల్లి గుత్తులవారి ఆడపిల్ల. మెట్టినింట్లో అరవయ్యేళ్ళు చాకిరీ చేసి ముసలమ్మయినా గుత్తులవారమ్మాయి అనే అనేవారు."

"సో విమెన్ నెవర్ రియల్లీ చేంజ్?" అంది సాహితి.

"ఎందుకు మారాలి?" అన్నాను. అప్పటికి ఆ మాట అక్కడితో వదిలేశాను. గోంగూర అయిపోతోంది మరి.

మెల్‌బోర్న్

మెల్‌బోర్న్‌లో చూసిన వింతల గురించి చెప్పమంటే, ఒక గది చూశాను. పాత రికార్డులుండే గది. సంచి బయట పెట్టెలో పెట్టాలి, పెన్ను లోపలికి తేకూడదు, పెన్సిలు మాత్రమే, దగ్గినా తలెత్తి చూస్తారు. బయట ట్రాములు గంటలు కొట్టుకుంటూ పోతున్నాయి, వాటిలో జనం చక్కగా ఎక్కడికో షికారెళ్తున్నారు. నేను పొద్దుటినుంచీ డూలన్, డూలన్ అని వేలుతో గీత గీసుకుంటూ కూర్చున్నాను. లివర్‌పూల్‌లో ఎక్కినట్టు ఓడ జాబితాలో ఉంది, టామ్ డూలన్, భార్య నోరా. దిగినట్టుంది. కిట్టీని ఆశ్రమంలో చేర్చిన తేదీ ఉంది. తల్లి గురించి, "పిల్లను విడిచి పోయింది" అని ఎవడో చక్కటి దస్తూరీతో రాసిపెట్టాడు. ఆ తర్వాత విక్టోరియా చావుల్లో నోరా డూలన్ లేదు. పెళ్ళిళ్ళలో లేదు. జైలులో లేదు. పిచ్చాసుపత్రిలో లేదు.

బెరిల్ ఆ దస్తూరీ చూసి పెన్సిలు కింద పెట్టేసింది. "ఎంత అందంగా రాశాడో చూడు" అంది.

మధ్యాహ్నం కాఫీ తాగుతుంటే నెమ్మదిగా చెప్పింది. అమ్మ ఆఖరి రోజుల్లో మతి సరిగ్గా లేనప్పుడు, హీటర్ తగ్గుతుంటే, "నేను ఆరనివ్వలేదు, నేను ఆరనివ్వలేదు" అని ఏడ్చేదట. "ఆ మనిషి కనిపిస్తే నేను ఒక్కటే అడుగుతాను లక్ష్మీ. రానిదానివి వస్తానని ఎందుకు చెప్పావని."

నాకు మా ఆయన మీద కోపం వచ్చింది. వెతికినందుకు కాదు, దొరకనందుకు.

బెండిగో దాటాక

ఆ ఊరి పేరు రాయను, బెరిల్ వద్దంది. ఒకే వీధి, వీధిలో సగం కొట్లు మూసేసి ఉన్నాయి, తెరిచిన బేకరీలో స్కోన్‌లనే బన్నుల్లాంటివి బాగున్నాయి. గుడిసె ఉన్న చోట ఇప్పుడు ఎవరో గొర్రెల్ని పెంచుకుంటున్నారు. శ్మశానం పక్కన రేకుల షెడ్డంత ఆఫీసు. అందులో కెవిన్ అనే పెద్దమనిషి జీతం లేకుండా వారానికోసారి వచ్చి కూర్చుంటాడట. మా అదృష్టం ఆ రోజు ఉన్నాడు.

"డూలన్?" కంప్యూటర్లో రెండు వేళ్ళతో కొట్టాడు. "నలుగురున్నారు. అందరూ మగవాళ్ళే. సారీ మేట్."

ఇదే ఆఖరి చోటు. ఈయన కాగితాలు తిరగేస్తున్నారు. బెరిల్ చేతిసంచి జిప్పు మూసింది. "రైటో. ఇంక చాలు ప్రకాశ్. నువ్వు చెయ్యాల్సింది చేశావు. ఆ మనిషి పోయింది, అంతే. ఈ మధ్యాహ్నమే బయల్దేరితే రేపటికి ఇంటికెళ్ళిపోతాం" అంది. గొంతులో ఏ బాధా లేనట్టే మాట్లాడింది. చేతులు మాత్రం జిప్పు దగ్గరే ఉన్నాయి.

చూడండి, నాకు ఓర్పు తక్కువ. ఇన్ని రోజులు, ఇన్ని తలస్నానాలు, చివరికి ఇదా? ఈయన నోట డూలన్, కెవిన్ నోట డూలన్, ఆనాడు ఆసుపత్రి గుమ్మంలో నిలబడ్డ ఆ టామ్ నోట కూడా డూలన్, డూలన్! ఆల్బరీలో గమ్ నమిలిన పిల్ల గుర్తొచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏమండీ, మొన్న ఆ మోటెల్లో ఆ పిల్ల నేను లేనని ఎందుకంది?"

"ఇప్పుడదెందుకు వరం?"

"చెప్పండి. నేను ఎదురుగా నిలబడి ఉన్నాను కదా? అయినా లేనంది. ఎందుకు?"

"బుకింగ్ నా పేరు మీదుంది కాబట్టి..."

"రేపు నేనొక్కదాన్నీ నొప్పితో ఆసుపత్రిలో పడిపోతే, తెలివి తప్పేముందు పేరేమిటని అడిగితే, ముత్యాల అని చెప్తానా? చచ్చినా చెప్పను! మా నాన్న పెట్టిన పేరు చెప్తాను. మీరొచ్చి ముత్యాలవారి భార్య ఉందా అని అడిగితే లేదంటారు. మీరు ఏడ్చుకుంటూ ఇంటికి పోతారు. వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళని పుట్టింటి పేరుతోనే రాస్తారని నా చెవులు చిల్లులు పడేలా చెప్పింది మీరే కదా? ఆ పేరు పట్టుకుని వాళ్ళ తాతలదాకా వెనక్కి పోయారు, ముందుకి ఎందుకు రాలేదు?"

నేను తెలుగులో అరిచాను కాబట్టి కెవిన్ భయపడి ఉంటాడు. మా ఆయన చాలా చిన్న గొంతుతో, "కీన్ అని చూడగలరా? నోరా కీన్" అన్నారు ఇంగ్లీషులో.

కెవిన్ రెండు వేళ్ళతో కొట్టాడు. కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"కీన్, నోరా. ఐర్లండులో పుట్టింది. ఆసుపత్రి నుంచి వచ్చింది." ఆగాడు. బెరిల్ వైపు చూసి మెల్లిగా చదివాడు. "పసిబిడ్డతో కలిపి."

తేదీ చూస్తే, కిట్టీని ఆశ్రమంలో చేర్చడానికి వారం ముందుది. అయినా మా ఆయన ఒప్పుకోలేదు. "నోరా కీన్‌లు బోలెడుమంది ఉంటారు, తొందరపడకండి" అని, అక్కడే ఫోనులో డబ్బు కట్టి ఆ చావు సర్టిఫికెట్ నకలు తెప్పించారు. ఈ ఒక్క విషయంలో ఆయన్ని మెచ్చుకోవాలి. పోయేముందు ఆవిడ తన తల్లిదండ్రుల పేర్లు చెప్పుకుంది. మైఖేల్ కీన్, తల్లి పేరు కూడా పుట్టింటి ఇంటిపేరుతోనే. మా ఇంట్లో గోడమీద రెండేళ్ళుగా వేలాడుతున్న పేర్లే అవి. కారణం, పురిటి గండం. ఊళ్ళో దిగిన మర్నాడే పోయింది. భర్త పేరుండాల్సిన చోట, తెలియదు అని ఉంది.

కడుపుతో ఉందని కిట్టీకి ఎవరు చెప్తారు? ఆరేళ్ళ పిల్ల. నొప్పులు ముందే వచ్చి ఉంటాయి, ఇంట్లో ఎవరూ లేరు, బండెక్కి వెళ్ళి ఉంటుంది. ఇది నా ఊహే, ఏ కాగితంలోనూ లేదు. టామ్ గుమ్మంలో నిలబడి మిసెస్ డూలన్ ఉందా అని అడిగాడు. లేదన్నారు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు.

కెవిన్ దారి చూపించాడు. రాయి లేదు. గడ్డిలో నెంబరున్న ఒక ఇనుప మేకు, అంతే. బెరిల్ నా చెయ్యి పట్టుకుని నిలబడింది. మిగిలిన జెరేనియంలు ఈపాటికి వడిలిపోయాయి, వాటినే పెట్టింది.

తర్వాత, "నాన్" అంది. ఇక్కడివాళ్ళు అమ్మమ్మని అలా పిలుస్తారు. ఆ నోటినుంచి ఆ పిలుపు నేను వినడం అదే మొదటిసారి.

"నాన్, అమ్మ పొయ్యి ఆరనివ్వలేదు. కుర్చీ కూడా వేసింది."

మా ఆయన అటు తిరిగిపోయారు. నాకు ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

మోటెల్

ఆ ఊళ్ళో ఉన్నది ఒకటే మోటెల్. ఈసారి మా ఆయన గదులు కొప్పిశెట్టి పేరుమీద రాయించారు. కౌంటర్లో ఉన్నాయన, "మిస్టర్ కొప్పిశెట్టీ, ఇదిగో తాళం" అంటే, కిక్కురుమనకుండా తీసుకున్నారు. ముప్ఫయ్యారేళ్ళ తర్వాత ఒక్క పూట, ఏం నష్టం?

నేను స్నానం చేసి, తల తుడుచుకుని, బేకరీ స్కోన్‌లు పళ్ళెంలో పెట్టి, టీ కలిపి బెరిల్ కోసం చూస్తున్నాను. ఎంతకీ రాదు. వెళ్ళి తలుపు కొట్టాను. జవాబు లేదు. మళ్ళీ కొట్టాను. ఎనభై ఆరేళ్ళ మనిషి కదా. గట్టిగా పిలిస్తే తలుపు తెరిచింది.

డ్రెస్సింగ్ గౌను వేసుకుని ఉంది. తెల్లజుట్టు నెత్తికి అతుక్కుపోయి, చెవుల మీంచి భుజాలమీదికి నీళ్ళు కారుతున్నాయి. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. ఆ గదిలో వేణ్ణీళ్ళు సరిగ్గా రావని నాకు తర్వాత తెలిసింది.

"ఏమిటిది బెరిల్? ఈ చలిలో తలమీద నీళ్ళేమిటి? పొద్దున్నేగా స్నానం చేశావు! జలుబు చేస్తే పెర్త్‌లో నీ కొడుక్కి నేనేం చెప్పుకోను?"

"నువ్వే కదా చెప్పావు లక్ష్మీ" అంది వణుకుతూ. "ఎప్పుడు తెలిస్తే అప్పుడని. నాకు ఇవాళే కదా తెలిసింది."

లోపలికి లాక్కెళ్ళి మంచంమీద కూర్చోబెట్టాను. హీటర్ పెంచాను. టవలు తీసి తల తుడవడం మొదలుపెట్టాను. తుడుస్తున్నంతసేపూ తిడుతూనే ఉన్నాను.